ఒక్క ఉండకు పుల్లెందుకు

తైవానులోని శిగూ రేవులో అందరికంటే ముందు ఇల్లు చేరేది అందరికంటే వెనక వచ్చేవాడే. బయటి ఊరివాళ్ళకు ఈ మాట చెబితే తాగి వాగుతున్నారనుకుంటారు. అనుకోనివ్వండి. పడవల సంఘం హాల్లో గోడకు బిగించిన బోర్డే అందుకు సాక్ష్యం.

తుఫాను హెచ్చరిక రాగానే ఆ బోర్డు మీద, సముద్రంలో ఉన్న పడవల పేర్లన్నీ ఎర్రగా వెలుగుతాయి. ఒక్కో పడవ రేవు మూతి దాటి లోపలికి వచ్చేకొద్దీ దాని పేరు రాలిపోతుంది. పక్కనే పెద్ద అంకె, ఇంకా రావలసినవి ఎన్నో చెబుతూ. ఇరవై, పన్నెండు, అయిదు, మూడు, రెండు. ఆ రెండింట్లో ఒకటి లోపలికి వచ్చిందా, రెండోదాని పేరు కూడా దానంతటదే మాయం. అంకె సున్నా. బోర్డంతా పచ్చబడి ‘అందరూ చేరారు’ అంటుంది. ఆ చివరి పడవ మాత్రం నిజానికి ఇంకా బయట అలల మీద ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది. పావుగంట పోయాక తీరుబడిగా వస్తుంది.

బోర్డు పెట్టిన మొదటి ఏడు జనం కళ్ళు నులుముకున్నారు. రెండో ఏడు గెడ్డాలు గోక్కున్నారు. మూడో ఏటికి తేల్చేశారు. చివరి పడవను సముద్రాన్ని కాచే మాజు అమ్మవారు ఒళ్ళో వేసుకుని తెస్తుంది. అమ్మవారి ఒళ్ళో పడ్డవాడు ఇల్లు చేరినట్టే కదా, అందుకే బోర్డు ముందుగా చెప్పేస్తోంది!

ఇంత చక్కటి సంగతిని ఎవరైనా కంపెనీకి ఫోను చేసి ‘మీ బోర్డు తప్పు చూపిస్తోంది’ అని ఫిర్యాదు చేస్తారా? ఎవరూ చెయ్యలేదు. పైగా దానికో మర్యాద ఏర్పాటు చేశారు. చివరి పడవ సరంగుకు గుడి వంటశాలలో మొదటి కుర్చీ, మొదటి గిన్నె నూడుల్సు, సంఘం పెద్ద చేత్తో పోసిన బియ్యపు సారా. దాంతో సరంగుల మధ్య వెనకపడే పోటీ మొదలైంది. తుఫాను తరుముకొస్తుంటే రెండు పడవలు రేవు మూతి బయట గిరగిరా తిరుగుతూ, పెళ్ళి విందులో పెద్దమనుషుల్లాగా ‘మీరు ముందు’ ‘అబ్బే, మీరు ముందు’ అని మర్యాదలు చేసుకునేవి.

ఆ పోటీలో మొనగాడు మన్‌ఫూ పడవ సరంగు తియెన్‌లూ. అరవై దాటినా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు, రంగు వేస్తాడు కాబట్టి. మొదటి కుర్చీలో కూచుని రెండో గిన్నె లాగించాక ఆయన చెప్పే కబుర్లకు రేవంతా చెవులప్పగించేది.

“చెయ్యిరా, చెయ్యి! పడవ కింద అమ్మవారి అరచెయ్యి చూశాను. ఒక్కో గీత మన బజారు రోడ్డంత వెడల్పు. ఆయుష్షు గీతలో ఓ సొరచేప ఇరుక్కుని దారి తెలీక ఏడుస్తోంది.”

“సొరచేప ఏడుస్తుందా తియెన్‌లూ?” అని ఎవడో అందించేవాడు.

“నీళ్ళలో ఉంది గనక నీకు కనబడదురా. ఇంకో విషయం. రేవులోకొచ్చి గది తెరిస్తే నా చేపలన్నీ పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసి ఉన్నాయి. అల్లం కూడా వేసి పెట్టింది తల్లి.”

“ఉప్పు?”

“ఉప్పెందుకురా వెధవా, సముద్రంలో పడి లేచానుగా.”

ఈ నవ్వుల్లో మింగ్‌తె నవ్వు కూడా ఉండేది. అతను తియెన్‌లూ మేనల్లుడు. తైపేలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. రేవు బోర్డు వాళ్ళ కంపెనీదే. ఊరికి వచ్చినప్పుడల్లా జనం అతని భుజం తట్టి, “మీ బోర్డు మహిమ గలదయ్యా” అనేవారు. ‘అదెలా జరుగుతోంది’ అని తనలో తాను ఒక్కసారైనా అడగవలసినవాడు, ఆ భుజం తట్టుడు బాగుండి, అడగలేదు.

* * *

మింగ్‌తె చిన్నప్పుడు వాళ్ళమ్మ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసేది. వాడు పెరిగిందంతా మావయ్య భార్య శ్యూయిన్ బండి పక్కన. శ్యూయిన్ అత్తయ్య గట్టు మీద చేప ఉండలు అమ్ముతుంది. చేప నూరి ఉండలు చేసి, మరిగించి, మూడేసి వెదురుపుల్లకు గుచ్చి ఇస్తుంది. అయిదడిగితే అయిదూ ఒక్క పుల్లకే గుచ్చుతుంది. ఎవరైనా ఒక్కటి చాలంటే మాత్రం పుల్ల తియ్యదు. ఊది, అరచేతిలో పెడుతుంది. “ఒక్క ఉండకు పుల్లెందుకు?” అంటుంది.

పెద్దయ్యాక మింగ్‌తె చేసిన పనీ గుచ్చుడు పనే. కంప్యూటరులో వస్తువులు ఉంటాయి. పడవ ఒక వస్తువు. దానికో పేరు, నెంబరు, సరంగు, ఉన్న చోటు. ఇక్కడి కంప్యూటరు నుంచి అక్కడి బోర్డుకు వాటిని పంపాలంటే ఉన్నవాటిని ఉన్నట్టు పంపడం కుదరదు. అక్షరాల వరసగా మార్చి, జాబితాను ఒక పుల్లకు గుచ్చినట్టు గుచ్చి పంపాలి. అవతలివాడు పుల్ల పట్టుకుని ఒక్కోటీ లాగి మళ్ళీ పడవలు చేసుకుంటాడు. ఈ గుచ్చే పనిని ఎవరికి వాళ్ళు మళ్ళీ మళ్ళీ రాసుకోకుండా, పదిమందీ తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకునేలా మింగ్‌తె ఒక ప్రోగ్రాము ముక్క, వాళ్ళ భాషలో లైబ్రరీ, రాశాడు. దానికి ‘ఉండల పుల్ల’ అని పేరు పెట్టాడు. కంపెనీలో అందరూ ముచ్చటపడ్డారు. బయటివాళ్ళు కూడా తీసుకుని వాడారు.

అందులో అతనికి బాగా నచ్చిన నియమం ఒకటుంది. జాబితాలో చాలా ఉంటే పుల్ల. ఏమీ లేకపోతే ఖాళీ పుల్ల. ఒక్కటే ఉంటే పుల్ల తీసేసి ఆ ఒక్కదాన్నీ అలాగే చేతిలో పెట్టడం. అక్షరాలు తగ్గుతాయి, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. అత్తయ్య దగ్గర నేర్చుకున్నదే.

ఎక్కడో కొరియా నుంచి ఎవరో రాశారోసారి. ‘అయ్యా, నా జాబితాలో ఒక్కటే ఉన్నప్పుడు అవతల ఏమీ కనబడడం లేదు.’ మింగ్‌తె జవాబిచ్చాడు. ‘ఇది లోపం కాదు, కావాలని పెట్టిందే. లైబ్రరీతో ఇచ్చిన సూచనల పుస్తకం చదువుకోగలరు.’ ఆ జవాబు రాశాక టీ తాగడానికి లేచాడు.

* * *

ఆ ఏడు వచ్చిన పెద్ద తుఫానుకు సర్కారువాళ్ళు ముందుగానే సెలవు ప్రకటించారు. తైపేలో జనం సెలవని సినిమా టిక్కెట్లు కొనుక్కుంటుంటే, మింగ్‌తె రైలెక్కి ముందురోజే శిగూ వచ్చేశాడు. ‘ఎలాగూ వెళ్తున్నావుగా, బోర్డు మిషను ఓసారి చూసి రా’ అంది మేనేజరు ఫాంగ్.

పొద్దున సంఘం హాల్లో వైర్లెస్సు ముందు కాపలాదారు కో కూచుని ఉన్నాడు. కో, తియెన్‌లూ ఒకే బెంచీ మీద తన్నులు తిన్నవాళ్ళు. మింగ్‌తె మిషను దగ్గరికి వెళ్ళబోతే కో అరిచాడు.

“ఆ పొట్లం కదపకు!”

మిషను నెత్తిన ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం ఉంది. గ్వాయ్‌గ్వాయ్. బుద్ధిగా ఉండు అని దాని అర్థం. ఏ మిషను మీదైనా అది పెట్టనిదే తైవానులో ఎవడూ స్విచ్చి వెయ్యడు. పచ్చదే ఉండాలి, తేదీ దాటకూడదు, ఎవరూ తినకూడదు.

“చదువుకున్నోడివి, నవ్వుకుంటావేమో,” అన్నాడు కో.

“మా ఆఫీసులో మూడున్నాయి బాబాయ్.”

“అదీ!”

బోర్డు మీద ఇరవై ఆరు. గాలి ఇంకా ఈల వేసే స్థాయిలోనే ఉంది. పడవలు ఒక్కోటే వస్తున్నాయి, పేర్లు రాలుతున్నాయి. గుడి వంటశాలలోంచి ఉల్లికాడల వాసన. తొమ్మిదికి తగ్గినప్పుడు మింగ్‌తె ఫోను మోగింది.

“అల్లుడూ! నా గిన్నెలో మాంసం ముక్కలు ఎక్కువ వెయ్యమను.”

“ఎక్కడున్నావు మావయ్యా?”

“నల్లరాయి వెనకాల. దాక్కున్నాను.”

“తుఫానుకు దాక్కున్నావా?”

“తుఫానుకెందుకురా, లియౌ గాడికి! వాడు నాకోసం చూస్తూ మూతి దగ్గర తిరుగుతున్నాడు. నేను ముందెళ్ళిపోయాననుకుని వాడు లోపలికి పోవాలి, అప్పుడు నేను కదలాలి. బోర్డు నా ఫోనులో పెట్టుకుని చూస్తున్నాను. తర్జో గాడు ఇప్పటికే రెండుసార్లు కక్కాడు.”

తర్జో జావా నుంచి వచ్చిన కళాసీ. మన్‌ఫూలో తియెన్‌లూకు తోడు అతనొక్కడే. వెనక నుంచి అతని గొంతు వినబడింది. “మూడు బాస్, మూడు!”

“అబద్ధాలాడకు, మూడోది ఉత్త నీళ్ళు,” అన్నాడు తియెన్‌లూ. మింగ్‌తె నవ్వి, “తొందరగా రా మావయ్యా,” అని పెట్టేశాడు.

మధ్యాహ్నానికి నాలుగు. తరవాత మూడు. రెండు. మన్‌ఫూ, లియౌ పడవ. హాలు నిండిపోయింది. ఎవరు గెలుస్తారని అరుపులు. కిటికీ అద్దాల మీద వాన గులకరాళ్ళలా కొడుతోంది. లియౌ ఓపిక పట్టలేక లోపలికి వచ్చేశాడు. అంతే, మన్‌ఫూ పేరు కూడా ఠక్కున మాయమైంది. సున్నా. బోర్డు పచ్చబడింది.

“తియెన్‌లూ ఇల్లు చేరాడ్రోయ్!” అని ఒక్కసారిగా హోరు. ఎవడో డోలు కొట్టాడు. కో చెవుల మీద పెట్టుకున్నవి తీసి బల్ల మీద పడేసి, వైర్లెస్సు ఆపి, ఒళ్ళు విరుచుకున్నాడు. సున్నా పడితే కాపలా అయిపోయినట్టే, అది పద్ధతి. రక్షణ పడవ కుర్రాళ్ళు దానికి రెండు వరసల తాళ్ళు బిగించి, ఇంటి కప్పులు కట్టుకోవడానికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు వంటశాలకు నడిచారు. మొదటి కుర్చీ లాగి, ముందు గిన్నె పెట్టి, పైన మూత పెట్టారు.

మింగ్‌తె రెండో బల్ల దగ్గర తినడం ముగించాడు. శ్యూయిన్ అత్తయ్య ప్లాస్టిక్ కోటు నుంచి నీళ్ళు కారుస్తూ లోపలికి వచ్చి, మొదటి కుర్చీ వంక చూసింది.

“మీ మావయ్య ఏడీ?”

“వచ్చేస్తాడత్తయ్యా. బోర్డు చెప్పేసిందిగా.”

“అది ఎప్పుడూ ముందే చెబుతుందిరా. ఆయన వచ్చేది తరవాత. ఇంత సేపు ఎప్పుడూ పట్టలేదు.” ఆమె గిన్నె మూత మీద చెయ్యి పెట్టింది. “చల్లారిపోయింది.”

ఈ మాటలు మింగ్‌తె కొత్తగా విన్నవి కావు. ఏళ్ళ తరబడి నవ్వుతూ అన్నవే, అందరూ అన్నవే. కానీ అత్తయ్య నవ్వకుండా అంది. నవ్వు తీసేసి వింటే అది ఇంకోలా ఉంది. ఎప్పుడూ. ముందే. చెబుతుంది. ఎప్పుడూ జరిగేది మహిమ కాదు. ఎప్పుడూ జరిగేది ప్రోగ్రాము.

అతను లేచి హాల్లోకి పరుగెత్తాడు. ల్యాప్‌టాప్ తెరిచి, ఇక్కడి నుంచి బోర్డుకు వెళ్ళిన అక్షరాల వరసను చూశాడు. రెండు పడవలున్నప్పుడు పంపింది: మొదట ఒక గుర్తు, రెండు పడవలు, చివర ఒక గుర్తు. పుల్ల సరిగా ఉంది. దాని కింద ఆఖరున పంపింది: మన్‌ఫూ, దాని నెంబరు, సరంగు తియెన్‌లూ, నల్లరాయికి ఈశాన్యం. ముందు గుర్తు లేదు, వెనక గుర్తు లేదు. ఉత్త ఉండ. అరచేతిలో పెట్టి పంపింది అతని లైబ్రరీ. బోర్డు ప్రోగ్రాము రాసింది ఇంకెవరో, ఎప్పుడో ఉద్యోగం మానేసిన కుర్రాడు. వాడు రాసిందీ చూశాడు. పుల్ల వస్తే లెక్కపెట్టు, పుల్ల లేకపోతే సున్నా. వాడికి అరచెయ్యి సంగతి ఎవరూ చెప్పలేదు.

కంప్యూటరు తియెన్‌లూను ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు. ఎక్కడున్నాడో చెబుతూనే ఉంది, నిమిషం నిమిషం. చాలాసేపటి నుంచి మన్‌ఫూ నల్లరాయి దగ్గరే ఉంది. అంగుళం ముందుకు రాలేదు.

వంటశాల తలుపు దగ్గర కో పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

“బాబాయ్, మావయ్య బయటే ఉన్నాడు. బోర్డు తప్పు.”

“ఎప్పుడూ బయటే ఉంటాడు గదరా. అదే కదా పోటీ.”

“కాదు. అసలెప్పుడూ తప్పే. ఒక్క పడవ మిగిలితే అది చూపించలేదు. సున్నా అంటుంది. మహిమ లేదు ఏమీ లేదు, నేను రాసినదాంట్లో తప్పు!”

కో పుల్ల నోట్లోంచి తీశాడు. తిన్నగా మిషను దగ్గరికి వెళ్ళి, ఆకుపచ్చ పొట్లాన్ని ఎత్తి, వెనక తేదీ చూశాడు. “ఇంకా టైముందే,” అన్నాడు. ఆ మాట అన్నాక అతని ముఖంలో ధీమా జారిపోయింది. పొట్లం కింద పెట్టకుండానే, ఇంకో చేత్తో వైర్లెస్సు స్విచ్చి వేశాడు.

గరగర. గాలి. తరవాత ఆ గొంతు. ఎంతసేపటి నుంచి అలా మాట్లాడుతోందో.

“...ఒరే కో, గుర్రు పెడుతున్నావురా? ఇల్లు చేరినవాణ్ణి పిలుస్తున్నాను. పడవ పంకాకు తాడు చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. కో. అమ్మవారి చెయ్యి కోసం చూస్తున్నాను గానీ ఇవాళ ఆవిడ చేతికి పని ఎక్కువున్నట్టుంది. ఎవరైనా రండ్రా...”

“తియెన్‌లూ! విన్నాన్రా, విన్నాను!”

“వచ్చావా. ఇంతసేపూ ఎక్కడ...” గరగర. “...గిన్నె ఉంచారా?”

“ఉంచామురా. పడవ పంపుతున్నాను. రాయికి దూరంగా ఉండు.”

“ఉండమని రాయికి చెప్పు. అదే మీదికొస్తోంది.”

మింగ్‌తె చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంటే రక్షణ పడవ కుర్రాళ్ళ ఇళ్ళ తలుపులు కొట్టుకుంటూ పరుగెత్తాడు. ఒకడు కప్పు మీద ఉన్నాడు, ఒకడు నిద్రపోతున్నాడు. రెండు వరసల తాళ్ళు తడిసి బిగుసుకుపోయి, విప్పడానికి కాదు, కొయ్యడానికి కూడా టైము పట్టింది. రేవు గోడ మీదుగా అలలు ఇటు దూకుతున్నాయి. పడవను మూతి దాటకుండా అల రెండుసార్లు వెనక్కి నెట్టేసింది. మూడోసారి దాటింది. సున్నా పడిన వెంటనే బయల్దేరి ఉంటే మొదటిసారే దాటేది. ఆ మాట తరవాత ఆ కుర్రాళ్ళే అన్నారు. తప్పు పట్టడానికి అన్నది కాదు, ఏదో అనాలి కాబట్టి అన్నారు.

తర్జోను తెచ్చారు. ఐసు పెట్టె మూతకు కట్టేసి ఉండి తేలుతున్నాడు. కట్టింది తియెన్‌లూ అట. పెట్టెకు మూత ఒక్కటే ఉంది.

హాల్లో దుప్పటి కప్పుకుని, పళ్ళు టకటకలాడుతుంటే తర్జో చెప్పాడు. “బాస్ ఫోను చూశాడు. పచ్చ. నవ్వాడు. ‘తర్జో, మనం ఇల్లు చేరామురా, ఇంకేం తొందర’ అన్నాడు. ‘నీళ్ళలో ఒక వల తాడు వదిలేశాం, అది లాగి పోదాం’ అన్నాడు. నేను వద్దు బాస్ అన్నాను. ఆ తాడే పంకాకు చుట్టుకుంది.”

శ్యూయిన్ అత్తయ్య ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని వింది. ఎవరూ దాన్ని ఆమె చేతుల్లోంచి తీసుకోలేకపోయారు.

* * *

తియెన్‌లూ దొరకలేదు.

రేవుకు ఈ చావును ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పూజారి ఒక మాటన్నాడు, బజారు పది కలిపింది. అరచెయ్యి చూశానని, గీతలు లెక్కపెట్టానని, అమ్మవారిని వంటమనిషిని చేశాడని, నోటి దురుసుకు ఆవిడ చెయ్యి తీసేసిందని. ఇన్నేళ్ళూ ఆ కబుర్లకు గిన్నెలు దొర్లేలా నవ్వినవాళ్ళే ఇప్పుడు గొంతు తగ్గించి ఈ మాటలు చెప్పుకున్నారు. మహిమ అబద్ధమని ఒప్పుకోవడం కంటే తియెన్‌లూ పాపి అనుకోవడం వాళ్ళకు తేలిక.

ఆ మాట అత్తయ్య చెవిన పడిందని తెలిసి మింగ్‌తె ఇంక ఆగలేకపోయాడు. ఆమె బండి దగ్గరికి వెళ్ళాడు. పొయ్యి వెలిగించి లేదు. ఆమె ఊరికే పక్కన స్టూలు మీద కూచుని ఉంది.

“మావయ్య ఏ తప్పూ చెయ్యలేదత్తయ్యా. అమ్మవారు కాదు. తప్పు నాది.”

“కో చెప్పాడు. నువ్వు రాసినదేదో పాడైందని.”

“పాడవలేదు. నేను రాసినట్టే పనిచేసింది.”

“మరి?”

ఆమెకు ఎలా చెప్పాలి? గుర్తులు, వరసలు, జాబితాలు అంటే తల ఊపి ఊరుకునేది. అర్థం కాకపోయినా క్షమించేది. కానీ అర్థమయ్యేలా చెప్పాలని, అది తన బాధ్యతని అనుకున్నాడు. చెప్పేదాకా తెలియలేదు తను ఏం చేస్తున్నాడో.

“పడవల పేర్లను పుల్లకు గుచ్చి పంపుతుంది అది. నీ ఉండల్లాగే. బోర్డు పుల్ల పట్టుకుని లెక్కపెడుతుంది. రెండుంటే పుల్ల, పదుంటే పుల్ల. ఒక్కటే ఉంటే... పుల్ల లేకుండా చేతిలో పెట్టమని రాశాను. బోర్డుకు చెయ్యి లేదు. పుల్ల కనబడలేదు, ఏమీ లేదంది.”

ఆమె తన ఒళ్ళో చేతుల వంక చూసుకుంది.

“ఒక్కదానికి పుల్లెందుకని,” అంది మెల్లగా. “అదేనా?”

“అత్తయ్యా...”

“నన్ను చూసి నేర్చుకున్నావా?”

“కాదు, నేనే. నా అంతట నేనే...”

“చిన్నప్పుడు నీకే పెట్టేదాన్ని ఎక్కువ. ఊది ఊది పెట్టేదాన్ని. కాలుతుందని.” ఆమె తల ఎత్తింది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అతను అనుకున్నాడు. “పుల్ల మిగుల్తుందని కాదురా. ఒక్కటి తినే పిల్లాడికి మొన గుచ్చుకుంటుందేమోనని.”

మింగ్‌తె తప్పును పూర్తిగా తన నెత్తినే వేసుకుందామని వచ్చి, సగం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుంది కూడా.

* * *

తైపే వెళ్ళి అతను ఆ నియమం తీసేశాడు. ఒక్కటున్నా పుల్ల. మార్చింది చిన్న మాట, కొట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. కొరియా మనిషికి మళ్ళీ రాద్దామని వెతికితే ఆ చిరునామా ఇప్పుడు పనిచెయ్యడం లేదు. కంపెనీవాళ్ళు సంఘానికి క్షమాపణ రాశారు. మేనేజరు ఫాంగ్ అతన్ని పిలిచి, కొన్నాళ్ళు సెలవు తీసుకోమంది.

మార్చిన ప్రోగ్రాము శిగూ బోర్డులో పెట్టిన పూట, బోర్డు ఎర్రగా వెలిగింది. ఇంకా రావలసినవి: ఒకటి. మన్‌ఫూ.

దాని లెక్కలో పడవ లోపలికి వస్తేనే పేరు పోతుంది. మన్‌ఫూ రాలేదు కాబట్టి పోలేదు. చెక్కలుగా ఎక్కడెక్కడో తేలి ఉంటుందని దానికెవరు చెప్పాలి? కో ఫోను చేశాడు.

“ఒరే మింగ్‌తె, దాన్ని తీసెయ్యరా. చూడలేకపోతున్నాను. ఇంకో తుఫాను కూడా వస్తోందంటున్నారు.”

“అత్తయ్య తియ్యమందా?”

“ఆవిడ రోజూ వచ్చి నిలబడి చూసి పోతోంది. ఏమీ అనదు. పూజారి ఒడ్డున ఆత్మను పిలిచే తంతు చేద్దామంటే, బోర్డు ఇంకా రావాలంటోంది కదా అంటుంది.”

మింగ్‌తె మళ్ళీ రైలెక్కాడు. హాల్లోకి వెళ్ళకుండా ముందు గట్టుకు వెళ్ళాడు. పొయ్యి వెలుగుతోంది. తర్జో మూకుడు పక్కన కూచుని వెదురుపుల్లలు చీలుస్తున్నాడు. ఇంకో పడవ ఎక్కనన్నాడట, బండి దగ్గరే ఉండిపోయాడు.

“అత్తయ్యా, బోర్డు మీద మావయ్య పేరు... నువ్వంటే తీస్తాను. అనకపోతే ముట్టుకోను.”

“తీస్తే ఏమని చూపిస్తుంది?”

“సున్నా. అందరూ చేరారని.”

ఆమె మూకుట్లోంచి ఆవిరి మొహానికి కొడుతుంటే నిలబడి ఆలోచించింది.

“చేరారా?” అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

“అయితే ఉంచు. అబద్ధం ఇదివరకు చాలా ఆడింది అది.” గరిట కదిపింది. “తిన్నావా పొద్దుట్నుంచి?”

“ఒక్కటి పెట్టు చాలు,” అన్నాడు, చిన్నప్పటి అలవాటున. అనేశాక నాలుక కరుచుకున్నాడు. అయినా చెయ్యి చాచే ఉంది, అరచెయ్యి పైకి.

ఆమె ఒక ఉండ తీసింది. తర్జో చేతిలోంచి ఒక పుల్ల తీసుకుంది. దాని మొనను వేలితో తడిమి, బండి అంచుకు రాసి మొద్దుబార్చింది. అప్పుడు ఉండను గుచ్చి, పుల్లను అతని వేళ్ళ మధ్య పెట్టి, వేళ్ళు మూసింది.

“గట్టిగా పట్టుకో,” అంది.

వెనక ఎవరో గిరాకీ వచ్చారు. “ఒక్కటే ఇవ్వు శ్యూయిన్, ఊరికే రుచికి.” ఆమె తల ఎత్తకుండా ఇంకో పుల్ల కోసం చెయ్యి చాపింది. తర్జో అందించాడు.